పాతపెట్టెకు క్రొత్తగొంతుక

స్పీకరులోని కాగితపు శంకువుమీద రెండు బొటనవ్రేళ్లను ఎదురెదురుగా ఆనించి, పసిపాప చెక్కిలిని తాకినంత మెత్తగా లోనికి నొక్కి విడిచినాడు నా మేనల్లుడు. ఇసుకకాగితముతో ఎండుకొయ్యను గీచినట్లు సన్నని గరగర యొకటి లోపలినుండి వినవచ్చినది. మరల నొక్కినాడు, మరల అదే ధ్వని. "విన్నారా మావయ్యా? కాయిల్ రాసుకుంటోంది," అన్నాడు దిగులుగా. కాలిఫోర్నియాలో వాని ఇంటి గ్యారేజిలో, బల్లమీద వెల్లకిల పరుండబెట్టిన ఆ స్పీకరునకు ఇరువైపుల మేమిద్దరము నిలిచియున్న ఆ సాయంకాలమే ఈ వ్యాసమునకు మూలము.

వాడు ఎంతో మక్కువతో కొనితెచ్చుకొన్న ఆ గిటారు ఆంప్లిఫయరు పేరు ఫెండరు డీలక్స్ రివర్బ్. అదే కాలిఫోర్నియాలోని ఫులర్టన్ పట్టణమున రేడియో మరమ్మతు దుకాణముతో జీవితము ప్రారంభించిన లియో ఫెండరు 1946లో తన పేర నెలకొల్పిన సంస్థ, 1963లో ఈ నమూనాను బజారులోనికి తెచ్చినది. ఒకే ఒక 12 అంగుళముల స్పీకరు, శబ్దశక్తినిచ్చు 6వి6 వాల్వులు రెండు, సుమారు 22 వాట్ల బలము. చూపునకు చిన్న ప్రయాణపు పెట్టె. నల్లని ముఖఫలకముతో 1967 వరకు తయారైన ఆ తొలి పెట్టెలను వాద్యకారులు నేటికిని వెదకి వెదకి కొనుచున్నారు. పెట్టెలోని తక్కిన అవయవములన్నియు బాగుగానే యుండి స్పీకరు మాత్రము ప్రాణము విడిచినపుడు, దాని స్థానమున దేనిని నిలుపవలెనను ప్రశ్న వారికి తప్పక ఎదురగును.

ఈ ప్రశ్న యింత బరువైనదగుటకు కారణమొకటి కలదు. వీణకు పనసకొయ్యతో తొలిచిన కుండ యున్నది. తీగ పలికిన పలుకు ఆ కుండలో నిండి నాదమగుచున్నది. విద్యుద్గిటారునకు అట్టి కుండ లేదు. దాని దేహము గట్టికొయ్య. విద్యుత్తు లేక మీటినచో ప్రక్కగదిలోనివారికి సైతము వినబడదు. తీగ కంపనమును దాని క్రిందనున్న అయస్కాంతపు చుట్ట అత్యల్పమైన విద్యుత్తుగా మార్చగా, వాల్వులు ఆ విద్యుత్తును పెంచగా, ట్రాన్స్‌ఫార్మరు దానిని స్పీకరునకు అనువైన రీతికి మలచి అందించగా, చివరకు కాగితపు శంకువు గాలిని కదలించినపుడే ఆ వాద్యము మొదటిసారిగా నోరు విప్పుచున్నది. కావున ఇచ్చట స్పీకరు పాటను మోసికొనివచ్చు పల్లకి కాదు; వాద్యములో సగము. కొయ్య పాతదే యైనను మూత మార్చినచో మృదంగనాదము ఎట్లు మారునో, పెట్టె పాతదే యైనను స్పీకరు మార్చినచో గిటారు నాదము అట్లే మారును.

సంగీతము వినుటకు ఇంట నుంచుకొను స్పీకరునకును దీనికిని గల భేదము కూడ ఇందువలననే. ఇంటి స్పీకరు వినిపించినదానిని వినిపించినట్లే ఒప్పగింపవలెను. గిటారు స్పీకరు సుమారు 75 హెర్ట్జులకడ మేలుకొని, 5,000 హెర్ట్జులు దాటినపిమ్మట దాదాపు మౌనము వహించును. గిటారులోని మిక్కిలి మంద్రమైన తీగ పలుకునది 82 హెర్ట్జులకడ కనుక క్రింద లోటు లేదు. పైనున్న లోటే దాని సుగుణము: వాల్వులు శక్తికి మించి శ్రమించునపుడు పుట్టు గరుకైన పైస్వరములను అది జల్లెడపట్టి, చెవికి హితమైనంతవరకే బయటికి విడుచును. అట్టి పెట్టెలో ఇంటి స్పీకరును బిగించి గిటారు వాయించినచో కందిరీగలు ముసిరినట్లుండును.

లోపలి నిర్మాణము తెలిసికొనుట కష్టము కాదు. లోహపు చట్రము వెనుక అయస్కాంతము. ఆ అయస్కాంతములోని వలయాకారపు సందులో, గోడలను తాకీ తాకనంత ఎడముతో తేలియాడు రాగితీగ చుట్ట, అనగా కాయిల్. ఆ చుట్టకు అతికిన కాగితపు శంకువు. చుట్ట పక్కకు ఒరగకుండ పట్టియుంచు ముడుతల గుడ్డ, దీనిని మెకానిక్కులు స్పైడరు అందురు. విద్యుత్తు చుట్టలో ముందుకు వెనుకకు పరుగిడినకొలది శంకువు ముందుకు వెనుకకు ఊగును. తీగచుట్టతో పలుకు ఇట్టి స్పీకరును డెన్మార్కునుండి వలసవచ్చిన పీటర్ జెన్సన్, అతని సహచరుడు ఎడ్విన్ ప్రిడ్‌హాం కలిసి 1915లో కాలిఫోర్నియాలోని నాపా పట్టణమున సిద్ధపరచిరి. 1925లో రైస్, కెలాగ్ అను ఇరువురు ఇంజనీర్లు ప్రకటించిన రూపము నేటివరకు పెద్దగా మారలేదు. ఆ జెన్సన్ పేరు ధరించిన స్పీకర్లే తరువాతికాలమున ఫెండరు పెట్టెలలో పెక్కింటికి గొంతుక లగుట వింతయైన సంగతి.

పాత స్పీకరు గరగరలాడగానే క్రొత్తదానికై పరుగెత్తుట తగదని నా దృఢాభిప్రాయము. పెక్కు గరగరలకు స్పీకరు కారణమే కాదు. పెట్టె వెనుకపలక మర వదులైనను, వాల్వులోని రేకు కదలినను అట్టి ధ్వనియే పుట్టును. అదే ఆంప్లిఫయరును వేరొక స్పీకరునకు కలిపి చూచినచో నిజము తేలిపోవును. అంచున చిరిగిన శంకువును పలుచని కాగితముతోను జిగురుతోను అతుకవచ్చును. ధ్వని పూర్తిగా ఆగినచో శంకువును దాటి చుట్టకు పోవు మెత్తని అల్లికతీగ తెగియుండవచ్చును; దానికి ఒక్క చుక్క సోల్డరు చాలును. చట్రమును పెట్టెకు బిగించు మరలను మితిమీరి బిగించుటచేత చట్రమే వంకరపోయి, చుట్ట గోడకు రాచుకొనుట కూడ కద్దు. మరలు వదులుచేయగానే రాపిడి మాయమగును. మా స్పీకరును ఊడదీసి బల్లమీద పెట్టినను రాపిడి మానలేదు. అరువదేండ్ల వేడికి చుట్ట అతుకు విడి ఉబ్బినదని అప్పుడు రూఢియైనది.

అంతమాత్రమున అది చచ్చినదని కూడ అనరాదు. మా చిన్ననాట ఊరి రేడియో మరమ్మతు దుకాణమున మెకానిక్కు స్పీకరునకు క్రొత్త కోను, అనగా శంకువు, వేయుచుండగా గంటలకొలది నిలబడి చూచెడివాడను. పాత శంకువును బ్లేడుతో అంచుచుట్టు కోసి తీసి, అయస్కాంతపు సందులోని తుప్పునలుసులను జిగురుపట్టీతో అద్ది అద్ది తీసి, క్రొత్త చుట్టను దింపి, చుట్టకును నడిమి కమ్మికిని మధ్య పాత ఫిల్ముముక్కలను నాలుగువైపుల దోపి, నట్టనడుమ నిలిచినదని తృప్తి కలిగిన పిమ్మటనే జిగురు పూసి, రాత్రియంతయు బరువుపెట్టి ఉంచి, మరునాడు ఆ ఫిల్ముముక్కలను ఒక్కొక్కటిగా లాగివేసెడివాడు. చివరి ముక్క వెలికివచ్చిన క్షణమున అతడు శంకువును బొటనవ్రేళ్లతో నొక్కి చెవి యొగ్గిన తీరు నాకింకను కన్నులకు కట్టినట్లున్నది. అదే పని నేడును పాత గిటారు స్పీకర్లకు చేయువారు కలరు. చట్రమును అయస్కాంతమును పాతవే నిలుచును. కాని ఆనాటి కాగితము మరల దొరకదు కావున నాదము కొంత మారక తప్పదు. తగిన కోను దొరకువరకు వేచియుండి, అందాక క్రొత్త స్పీకరుతో వాయించుకొనుటయే నాకు ఉచితముగా తోచుచున్నది.

క్రొత్తదానిని వెదకుటకు ముందు పాతది ఏదో తెలియవలెను. అమెరికా స్పీకర్ల చట్రముపై అంకెలు కొన్ని ముద్రించియుండును. మొదటి మూడంకెలు తయారీదారుని తెలుపును: 220 అన్నచో జెన్సన్, 465 అన్నచో ఆక్స్‌ఫర్డ్, 67 అను రెండంకెలే యున్నచో ఎమినెన్స్. ఆ తరువాతి అంకెలలో సంవత్సరమును, వారమును ఇమిడియుండును. మా స్పీకరు చట్రముమీది దుమ్మును నా మేనల్లుడు తడిగుడ్డతో తుడువగా 465 532 అను అంకెలు వెలువడినవి. ఆక్స్‌ఫర్డ్ సంస్థది, 5తో ముగియు సంవత్సరమున 32వ వారమున పుట్టినది. అది 1955 కావచ్చును, 1965 కావచ్చును. ఈ నమూనా పుట్టుకయే 1963 కావున 1965 ఆగస్టు అని తేలినది. పెట్టెతోడనే పుట్టిన స్పీకరు అని తెలిసి వాని ముఖము వికసించినది. జెన్సన్ స్పీకర్ల పేర్లలోను అర్థముండును: పి12ఆర్ అన్నపుడు మొదటి అక్షరము ఆల్నికో అయస్కాంతమును, అంకె అంగుళములను తెలుపును, పి స్థానమున సి యున్నచో సిరమిక్ అయస్కాంతమని గ్రహింపవలెను.

ఇక ఎన్నికలో అన్నిటికన్న ముందు చూడవలసినది ఓముల లెక్క. ఈ ఒక్కచోట పొరపాటు పనికిరాదు; తక్కినవి రుచిభేదములు, ఇది ప్రాణసంకటము. వాల్వు ఆంప్లిఫయరులోని ట్రాన్స్‌ఫార్మరు ఒక నియతమైన భారమును లాగుటకు చుట్టబడినది. డీలక్స్ రివర్బ్ కోరునది 8 ఓములు. స్పీకరు వెనుక 8 ఓములని వ్రాసియున్నను మల్టీమీటరుతో కొలిచినచో 6 లేక 7 మాత్రమే చూపును. మీటరు చూపునది తీగ నిరోధమును మాత్రమే. 8 అనునది స్వరము పలుకునపుడు ఎదురగు మొత్తపు అడ్డంకి. ఇది తెలియక మంచి స్పీకరును చెడినదని త్రోసిపుచ్చినవారు కలరు. రెండు స్పీకర్లున్న పెట్టెలలో లెక్క ఇంకొకవిధము: 8 ఓములవి రెండు జోడుగా కలిపినచో 4, వరుసగా కలిపినచో 16. ఫెండరు బాస్‌మన్ పెట్టెలో 8 ఓముల స్పీకర్లు నాలుగు జోడించి 2 ఓములకు దించిరి. అందులో ఒక్కదానిని మార్చునపుడైనను ఆ కూర్పును మరువరాదు.

భారము తగనిదగుటకన్న అసలే లేకుండుట మిక్కిలి ప్రమాదము. కపిల తోలునపుడు నిండుబాన పైకి వచ్చుచుండగా మోకు పుటుక్కున తెగినచో, బలమంతయు పెట్టి లాగుచున్న ఎద్దులు ముందునకు బోర్లపడును. స్పీకరు తీగ ఊడిన వాల్వు ఆంప్లిఫయరును మ్రోగించినచో ట్రాన్స్‌ఫార్మరునకు పట్టు గతి అదియే: దించుకొనుటకు చోటులేని శక్తి దాని లోపలనే వేల వోల్టులుగా లేచి, తీగలమధ్యనున్న లక్కపూతను చీల్చుకొని పోవచ్చును. ఇందుకే ఫెండరు పెట్టెలలో స్పీకరు ప్లగ్గు లాగివేయగానే ట్రాన్స్‌ఫార్మరు రెండు కొనలును తమంతట తాము కలిసిపోవునట్లు జాకును అమర్చిరి. అంతటి ముందుచూపు ప్రతి పెట్టెలోను లేదు. స్పీకరు బల్లమీద నున్నంతసేపు స్విచ్చి జోలికి పోరాదు. వాల్వుల పైనున్న లోహపు పళ్లెములో, విద్యుత్తు ఆపిన పిమ్మటను వందల వోల్టులు నిలువయుండును కావున అందులో చేయి పెట్టరాదు.

వాట్ల సంగతి ఒక్క మాటతో ముగియును: స్పీకరు భరింపగల శక్తి ఆంప్లిఫయరు ఇచ్చుదానికన్న ఎక్కువగా నుండవలెను. 22 వాట్ల పెట్టె, శబ్దపుబిరడా పూర్తిగా త్రిప్పినపుడు, అంతకు మించియే ఇచ్చును కావున 30, 40 వాట్ల స్పీకరు దానికి నిబ్బరము.

కాని వాట్లు ధ్వని తీవ్రతకు కొలత కావు. ఈ భ్రమ మిక్కిలి వ్యాపించియున్నది. నా మేనల్లుడును అందుకు లోబడినాడు. మిత్రుడొకడు అరువిచ్చిన స్పీకరును వాడు మొదట బిగించినాడు. 8 ఓములు, కావలసినన్ని వాట్లు, అన్నియు సరిపోయినవి. వాయింపగానే గ్యారేజి రేకుతలుపు అదరినది. మూడవ అంకె దాటి శబ్దపుబిరడా త్రిప్పుటకు వీలులేకపోయినది. అంత పెద్దగా పలుకుచున్నను ఆ నాదమున వాడు వెదకిన మాధుర్యము లేదు. గాజుపలకవలె కఠినముగా, పలుచగా నున్నది. స్పీకరు కాగితమును తెచ్చి చూచితిమి: ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరమున కొలిచినపుడు 100 డెసిబెళ్లు అని యున్నది. అదే కిటుకు. స్పీకరు తాను గ్రహించిన విద్యుత్తులో ఎంత భాగమును ధ్వనిగా మార్చునో తెలుపు అంకె ఇది. 3 డెసిబెళ్లు హెచ్చినచో ఆంప్లిఫయరు శక్తిని రెట్టింపు చేసినంత ఫలము. 95 డెసిబెళ్ల స్పీకరును తీసి 100 డెసిబెళ్లది పెట్టుట, 22 వాట్ల పెట్టెను 70 వాట్ల పెట్టెగా మార్చుటతో సమానము. పెద్ద సభలో వాయించువానికి అది వరము. ఇంట వాయించువానికి శాపము. ఏలయన, ఆ చిన్నవాల్వులు తమ శక్తి అంచుకు చేరి కొంచెము బొంగురుపోయి పలుకునపుడే డీలక్సు తన అందమునంతయు చూపును, ఆ అంచుకు చేరకముందే చెవులు చిల్లులు పడినచో ఇక పెట్టె పాతదైననేమి, క్రొత్తదైననేమి?

అందుచేత రెండవమారు వాడు కోరి తెప్పించినది పాత అమెరికా పోకడను అనుసరించి క్రొత్తగా తయారైన 35 వాట్ల సిరమిక్ స్పీకరు. డెసిబెళ్లు 95 ప్రాంతము. బిరడా ఐదు దాటించి, మూడవ తీగను మీటి పట్టినాడు. మొదట గంటవలె విచ్చుకొని, పిదప గొంతు నిండి, అణగుచున్నకొలది రవ్వంత గరుకుతేలి సాగిన ఆ స్వరము నాబోటి పామరునికి సైతము భేదము తెలియజెప్పినది.

నాదభేదమును గూర్చి వాద్యకారులలో జరుగు వాదములకు అంతు లేదు. అల్యూమినియము, నికెలు, కోబాల్టు కలిసిన ఆల్నికో అయస్కాంతము మృదువైనదనియు, సిరమిక్కు పరుషమైనదనియు నమ్మిక కలదు. ఆ నమ్మికలో కొంత సారమున్నను, అయస్కాంతమునకు దక్కిన కీర్తిలో అధికభాగము న్యాయముగా కాగితమునకు చెందవలెనని నాకు తోచుచున్నది. శంకువు మందము, దానిపై తీర్చిన వలయములు, అంచున పూసిన ద్రవము, నడుమనున్న దుమ్ముమూత పరిమాణము, చుట్టను కాగితపు గొట్టముపై చుట్టినారా లేక వేడికి ఓర్చు ప్లాస్టిక్కు గొట్టముపై చుట్టినారా అనునది, వీనిలో ఏది మారినను గొంతు మారును. ఇంగ్లండులో సెలెస్టియన్ సంస్థ చేసిన 15 వాట్ల నీలి స్పీకర్లు జంటగా వాక్స్ ఏసీ30 పెట్టెలో పలికిన పలుకు వేరు. అదే సంస్థ గ్రీన్‌బ్యాక్ స్పీకర్లు మార్షల్ పెట్టెలలో నాలుగేసి చేరి గర్జించిన గర్జన వేరు. జెన్సన్, ఆక్స్‌ఫర్డులు ఫెండరులో పలికినది వేరు. బ్రిటిషు స్పీకరు గొప్పదే. కాని అమెరికా పెట్టెలో దానిని నిలిపినచో వచ్చునది మూడవదొక నాదము. అది కావలెనని కోరినవాడు నిలుపుకొనవచ్చును; పోయినదానిని తిరిగి తెచ్చుకొనగోరువాడు పోయినదాని కుటుంబములోనే వెదకవలెను. 1964లో కింక్స్ బృందమునకు చెందిన డేవ్ డేవీస్ తన చిన్న ఆంప్లిఫయరు స్పీకరును రేజరు బ్లేడుతో చీల్చి, ఆ చీలిన గొంతుతోనే లోకప్రసిద్ధమైన పాటను పలికించినాడు. చిరిగిన శంకువునకు సైతము తనదైన గొంతు ఉండునని ఎరిగిన చెవి అతనిది.

బిగించునపుడు గమనింపవలసిన చిన్నసంగతులు కొన్ని మిగిలినవి. బరువైన అయస్కాంతము లోపలి వాల్వులకో ట్రాన్స్‌ఫార్మరునకో తగులునేమో ముందే కొలుచుకొనవలెను. పెట్టెలో రెండు స్పీకర్లున్నచో రెండును ఒకే దిక్కునకు కదలవలెను. ఒకటి ముందునకు తోయుచుండగా రెండవది వెనుకకు లాగినచో మంద్రస్వరములు గాలిలోనే కలిసి చచ్చును. టార్చిలైటు బ్యాటరీని ఒక్క క్షణము తాకించి, శంకువు ఎటు దుముకునో చూచినచో చాలును. క్రొత్త శంకువు మొదట బిగువుగా పలుకును, కొన్ని పదుల గంటలు వాయించినపిమ్మట కీళ్లు సడలి మెత్తబడును. కనుక మొదటిరోజు తీర్పు చెప్పుటకు తొందరపడరాదు.

మరలను నా మేనల్లుడు ఒకదాని తరువాత ఎదుటిదానిని, కొంచెము కొంచెముగా బిగించినాడు. పిదప పాత ఆక్స్‌ఫర్డును ఏమి చేయుదువని నేనడుగగా, నా సంచిలోని పాతపంచె ముక్క నడిగి తీసికొని, దానిలో ఆ స్పీకరును శంకువు పైవైపుండునట్లు చుట్టి, క్రొత్త స్పీకరు వచ్చిన అట్టపెట్టెలోనే పదిలపరచి, మూతపై లావుకలముతో 465 532 అను అంకెలను, వానిక్రింద ఈ మాటలను వ్రాసి అటకమీదికి ఎక్కించినాడు: "పారేయకండి. డీలక్స్‌ది."